జీపు రేడియోకు నేను చేసిన రిపేరు

ఏంది గణేషూ, పొద్దుగాల్నుంచి కారుల తలకాయ పెట్టి కూసున్నవ్? రేడియో పలుకుతలేదా? జరుగు, సూడనియ్యి... వద్దులే, నేను చెయ్యి పెడితే పలికేది గూడ మూగదైతది. బద్యా ముచ్చట చెప్తె నీకే తెలుస్తది. బద్యా ఎవరంటే, ఇల్లందు నుంచి మణుగూరుకు కిరాయి జీపు తిప్పేటోళ్లం గదా మేం, ఒక్క జీపుకు ఇద్దరం డ్రైవర్లం, ఒకదినం ఆయన, ఒకదినం నేను. తండా మనిషి, మాట తక్కువ. ఆయన మాట్లాడని మాటలన్నీ నేనే మాట్లాడేటోణ్ని. జీపుల రేడియో పెట్టిచ్చింది నేనే గాబట్టి మెకానిక్‌ను గూడ నేనే అనుకునేది. గరగర అంటే ఏరియల్ తీగె గట్టిగ గుచ్చేది, ఆగి ఆగి పలికితె ఎర్త్ తీగె కాడ తుప్పు గీకేది. రెండుసార్లు బాగైంది. ఇగ స్టాండుల నన్ను పట్టేటోడు లేడు.

గట్లుండంగ బద్యా బిడ్డ మంగ్లి కొత్తగూడెం పోయి రేడియోల తండా పాట పాడి వచ్చింది. ఆయితారం సాయంత్రం అయిదింటికి వస్తదన్నరు. పక్క తండాల జమ్లి ఇంట్ల రేడియో ఉంది, నడిస్తె అర్ధగంట. బద్యా నాలుగింటికే తువ్వాల భుజాన ఏస్కున్నడు. నేనే ఆపిన. "బావా, మన జీపుండంగ మంది ఇంటికి ఎందుకు పోతవ్, బిడ్డ పాట మన జీపులనే వినాలె" అన్న. తండా అంత జమైంది. నేను దర్జాగ సీట్ల కూసోని, ఇంక రానోళ్ల కోసం హారన్ మీద హారన్ కొట్టిన. హారన్ కొట్టిన, అది యాదుంచుకో. ఆనక రేడియో తిప్పిన. ఉలుకు లేదు, పలుకు లేదు, లైటు గూడ ఎలగలే. నేను ఊకుంటనా? ఏరియల్ పీకిన, ఎర్త్ గీకిన, డబ్బ మొత్తం బయటికి తీసి ఒళ్లె పెట్టుకున్న. ఒక్క నిమిషం బావా, ఒక్క నిమిషం అనుకుంటనే. బద్యా పెండ్లాం లాలి, జమ్లి ఇంటికి పోదామని రెండుసార్లన్నది. నేను పోనిస్తె గదా. అయిదుంబావు అయింది, పాట అయిపోయింది. మంగ్లి జీపుకు ఆనుకోని నిలబడ్డది. బద్యా నా చేతుల తీగెలు సూసిండు, వంగి ఫ్యూజుల డబ్బ సూసిండు. "మస్తు కష్టపడ్డవ్ బావా, చాయ్ తాగుదాం పా" అన్నడు.

మర్నాడు ఆయన డ్యూటీ. పొద్దుమీకి జీపు వచ్చేసరికి రేడియో మంచిగ మోగుతంది. ఏందిది అంటే, నిన్న నువ్వు చేసిన రిపేరే, జర ఆలస్యంగ పట్టింది అన్నడు. నేను నమ్మిన. నమ్ముడే గాదు, పదేండ్లు స్టాండుల చెప్పుకున్న. టీ కొట్టు కాడ చెప్పుకున్న. సూడు నా తెలివి.

బద్యా పోయినంక, దినాల నాడు లాలి చెప్పింది. "అన్నా, ఆ పొద్దు హారన్‌కు పెట్టి ఉన్నది రేడియో ఫ్యూజే. ఆయన సూసిండు. నలుగుట్ల నీ ఇజ్జత్ పోతదని ఊకున్నడు. తెల్లారి కొత్తది కొని ఏసిండు." అవ్, నిజమే. రెండు దినాల ముంగట హారన్ ఫ్యూజు కాలిపోతే, అడవిల మూలమలుపుల కాడ హారన్ లేకుంటె ఎట్లని రేడియోది పీకి దాంట్ల పెట్టింది నేనే. సన్న గాజు గొట్టం, యేలంత ఉండదు. మర్శేపోయిన. ఆ ఫ్యూజుతోనే హారన్ కొట్టి తండానంత పిలిసిన.

ఆ పాట మళ్ల ఏసిన్రా అంటవా? ఏసిన్రు, గని శానా ఏండ్లకు. మంగ్లిని మళ్ల మళ్ల పిలిసి గూడ పాడిచ్చిన్రు. అప్పటికి బద్యా లేడు. బిడ్డ గొంతు రేడియోల ఒక్కసారన్న వినలే ఆయన. నేనే విననియ్యలే.

...లైటు ఎలగట్లేదా నీది? అయితే ముందు ఫ్యూజు సూడు. ఏరియల్ గీరియల్ ముట్టకు. ఏయ్, హారన్ ఎందుకు కొడతవ్, కొట్టకు. నేను లోపలికి పోత.