ఎర్నమ్మ నలుగు

మా ఊళ్లో ఎర్నమ్మని ఒకావిడ ఉంది. ఊళ్లో పుట్టిన ప్రతి పసిగుడ్డుకీ ఆవిడే నీళ్లోసేదంట. కాళ్లు చాపి కూచుని, పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగుపిండి రుద్దిందంటే పక్కనున్న గోడ సున్నం కూడా రాలిపోయేది. ఇక ఆవిడ కాచిన నీళ్లా! ఆ ఆవిరికి పైన ఎగిరే కొంగలు ఉడికి పడేవనుకో. నవ్వకండే, ఒక ముక్క నేనూ తిన్నాను.

ఏమైందంటే, మా పక్కింటి పారమ్మకి ఆడపిల్ల పుట్టింది. మూడో నెలకి ఆ పిల్ల బుగ్గలూ మోచేతి మడతలూ ఎర్రగా కందిపోయి, పగిలి రసి కారడం మొదలెట్టాయి. దురదకి పిల్ల నిద్రపోదు, దాని ఏడుపుకి ఏడూళ్లు నిద్రపోవు. అత్తేమో, బాలింతవి వంకాయ తిన్నావే, అదే ఈ దురద, అంటుంది. పారమ్మ వంకాయ మొహం చూసి నాలుగు నెలలైంది పాపం! ఎర్నమ్మేమో మురికి వదల్లేదని రోజూ ఇంకో గుప్పెడు పిండేసి రుద్దుతుంది. రుద్దేకొద్దీ పగులుతుంది, పగిలేకొద్దీ రుద్దుతుంది.

పారమ్మ పిల్లనెత్తుకుని ఆసుపత్రికి పోయింది. అక్కడ నర్సమ్మ చూసి, ఇది మురికీ కాదు, వంకాయా కాదు, దీని చర్మమే సున్నితం, గోరువెచ్చని నీళ్లు పొయ్యి, రుద్దకు, మెత్తటి గుడ్డతో అద్ది తడి ఆరకముందే ఈ మందు రాయి, అందంట. ఆ మాట చెప్తే ఎర్నమ్మ లేచింది చూడు! “నీ మొగుడికి పోశాను, నీ మావకి పోశాను! ఆ నర్సమ్మ ఎంతమందికి పోసిందే?”

“అలాగే మామ్మా, ఇవాళ నేను మీకు పోస్తాను, రండి” అని పారమ్మ పీట వేసింది. అవే నీళ్లు, అదే పిండి. ఒక చెంబు పోసి వీపు మీద మూడే మూడు సార్లు రుద్దిందో లేదో, “ఓలమ్మో, నా తోలు ఊడిపోతందే!” అని ఎర్నమ్మ కేక. ఆ కేకకి సముద్రంలో పడవలు వెనక్కి తిరిగాయి.

“మామ్మా, మీ తోలు డెబ్బై ఏళ్లది. దానిది మూడు నెలలది” అంది పారమ్మ.

ఎర్నమ్మ తడి వీపుతోనే పిల్లనిమ్మని, నీళ్లలో తన మోచెయ్యి ముంచి చూసుకుని, పువ్వు మీద పోసినట్టు పోసింది. పారమ్మ మెత్తటి గుడ్డతో అద్ది మందు రాసింది. పదిహేను రోజులకి బుగ్గలు నునుపు తేలాయి. చలికాలం మళ్లీ కాస్త కందిందనుకో, అయినా ఎవరూ కంగారు పడలేదు. ఏం చెయ్యాలో తెలుసు కదా.

ఇప్పుడు ఎర్నమ్మ, గోరువెచ్చని నీళ్లు మా అమ్మమ్మ కాలం నాటి పద్ధతి, అని ఊరంతా చెప్పుకు తిరుగుతుంది. చెప్పుకోనీ. ఆ రోజు గోడవతల నేనున్నాను. ఆ కేక విన్న చెవి ఇదిగో, ఇప్పటికీ సరిగ్గా వినపడదు.