కోడలి పధ్నాలుగు, నా సున్నా

అది కాదు సిస్టరమ్మా, మీరే చెప్పండి. ఒక్క పిల్ల. ఎనిమిదేళ్ళది. కూర్చుంటే కుర్చీ సగం కూడా నిండదు. దాన్ని చూసుకోడానికి ఐదుగురు మనుషులా? మా ఆయన్ని మోసుకెళ్ళింది కూడా నలుగురేనండీ!

కూర్చోండి, కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దానికో కాలు పొట్టి. ఇలా మంచం మీద. ఆ కాగితం మీద సంతకమేగా, పెడతాను, ఎక్కడికి పారిపోతాను? మూడంతస్తులు ఎక్కొచ్చారు, ముందు కాస్త ఊపిరి తీసుకోండి. లిఫ్టు బాగు చేయించమని కింది వాటా ఆయనకి ఏడాదిగా చెప్తున్నాను. ఆయనుండేదే కింద, ఆయనకేం పట్టింది!

పిల్లా? మీకు తలుపు తీసి అటునుంచటే స్నానానికి దూరింది. బడి నుంచి రాగానే స్నానం, ఏదైనా ఆ తర్వాతే. వినిపిస్తోందిగా పాట? ఆ గొంతు మావాడిది, దాని నాన్నది. చిన్నప్పుడు వాడూ ఇంతే, రాగం ఒక గదిలో ఉంటే వాడు ఇంకో గదిలో ఉండేవాడు.

ఏమంటున్నాను? ఆ, ఐదుగురు. పెద్ద డాక్టరు గారొకరు. మంచాయనే, కాదనను. కానీ ఎంతసేపూ ఆ కంప్యూటరుతోనే మాట్లాడతారు. మొన్న నేను వెళ్ళొస్తానంటే 'మంచిదమ్మా' అని దానికే తలూపారు.

తర్వాత మనసు డాక్టరమ్మ. ప్రతిదానికీ 'దాని గురించి ఇంకొంచెం చెప్పండి' అంటుందావిడ. ఆ మాట నాతోనా అనేది! రెండు గంటలు చెప్పాను. ఇప్పుడు నన్ను దూరం నుంచి చూస్తేనే ఆవిడకి ఫోను వస్తుంది.

ఇక ఫైళ్ళమ్మ. అదేనండీ, బడికీ ఆఫీసులకీ మా తరఫున ఉత్తరాలు రాసిపెట్టే ఆవిడ. ఆ సంచీ భుజం దిగగా ఎవరైనా చూశారా? నాకైతే ఆవిడ సంచీతోనే పుట్టిందని అనుమానం. తర్వాత బళ్ళో టీచరమ్మ. తర్వాత మీరు. మీ సంగతి మీ ముందు అనను, మీరు వెళ్ళాక అంటాను.

నవ్వకండి, నిజంగానే అంటాను. ఈ మెట్ల మీద ఎవరింట్లో గిన్నె జారినా, అది నేలకి తగిలేలోపు నాకు తెలియాలి.

ఇదిగో, పుస్తకం. మీరిచ్చిన ఫిట్స్ పుస్తకం. తేదీ, టైము, ఎంతసేపు, ఎలా వచ్చింది, అన్నీ గళ్ళు గళ్ళుగా. తిప్పి చూసుకోండి. సున్నా. సున్నా. సున్నా. రెండేళ్ళు! ఒక్క కొట్టివేత లేదు.

పెద్ద డాక్టరు గారు ఇరవై కుటుంబాల ముందు నన్ను లేచి నిలబడమన్నారు, మీరూ ఉన్నారుగా ఆ రోజు? 'పుస్తకం రాయడమంటే ఈ అమ్మగారిలా రాయాలి' అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పెళ్ళిలో కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదండీ, అందరి చూపూ భోజనాల మీదే.

నాకంటే ముందు మా కోడలు రాసేది. ఆ పాత పుస్తకం గుర్తుందా? వారానికి పధ్నాలుగు, పదకొండు, మళ్ళీ పధ్నాలుగు. పిల్ల కిటికీలోంచి అలా చూస్తూ ఉండిపోతే ఒకటి. చెంచా పట్టుకుని ఆగిపోతే ఒకటి. ఊరికే పెదాలు చప్పరిస్తే ఒకటి. 'అత్తయ్యా, మళ్ళీ వచ్చింది. అత్తయ్యా, పిలిస్తే పలకలేదు.' ఈ ఇంట్లో నేను పిలిస్తే పలకనివాళ్ళు ముగ్గురున్నారు, ముగ్గురికీ ఫిట్సేనా అన్నాను.

తర్వాత అది మళ్ళీ ఉద్యోగంలో చేరింది. అప్పుడే డాక్టరు గారు కొత్త మాత్ర మొదలుపెట్టారు. పుస్తకం నా చేతికొచ్చింది. అంతే, సున్నాలు...

ష్. ఆగింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు... ఆ, పాడుతోంది. కళ్ళలో సబ్బు పడి ఉంటుంది.

లెక్కపెట్టానా? నేనా? ఏదో అలవాటు లెండి.

తలుపుకి గడియ లేదు, చూశారుగా. మీరు తీసేయమన్న రోజే తీయించాను. నీళ్ళు నింపి పెట్టడం కూడా లేదు, పైనుంచి పడే నీళ్ళే. పాటా? అది మీరు చెప్పింది కాదు, నేను పెట్టిన రూలు. నీళ్ళ కింద ఉన్నంతసేపూ పాడుతూనే ఉండాలి. ఎందుకంటే... పిల్లకి పాటలంటే ఇష్టం. అంతే.

నుదుటి మీద బొప్పా? అప్పుడే చూసేశారా! మీ కళ్ళూ నా కళ్ళలాంటివే. గురువారం కొళాయి తగిలిందండీ. జారింది. తడి నేల, పిల్ల కాళ్ళు, జారదూ?

పుస్తకంలో గురువారమా? సున్నా. జారిపడితే ఫిట్స్ గడిలో ఎలా రాస్తాను?

అలా చూడకండి. మా కోడలు చూసినట్టే ఉంది.

సరే, సంతకం ఎక్కడ? కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, మీరే చదవండి. ఊఁ. 'గడచిన రెండేళ్ళలో ఒక్క మూర్ఛ కూడా రాలేదు.' ఊఁ. 'సోమవారం నుంచి చివరి అర మాత్ర కూడా ఆపివేయడానికి'... చివరి అర మాత్ర. రెండు పూటలా రెండేసి మింగేది. మూడు నెలలుగా తగ్గించుకుంటూ వచ్చారు. ఇప్పుడు రాత్రి పూట అర. అదీ పోతుంది. మంచిదేగా? మందులు లేకుండా ఉంటే ఎవరికి చేదు?

కింద ఇంకేదో ఉంది. ఈతా? బడిలో ఈత నేర్పిస్తారా? ఇది కూడా వెళ్ళచ్చా? టీచరమ్మ అప్పుడే పేరు రాసేసుకుందా?

ఈత.

నీళ్ళలో మునిగి పాడలేరు కదండీ.

ఏం లేదు, ఊరికే అన్నాను. పెన్నివ్వండి. ఇక్కడేనా? ఈ గీత మీదా?

ఆగింది.

ఒకటి. రెండు. మూడు. వస్తుంది, ఉండండి, వస్తుంది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. కంగారు పడకండి, సబ్బు... పన్నెండు. పదమూడు.

రండి. సిస్టరమ్మా, రండి, తలుపు తోయండి!

నీళ్ళు కట్టేయండి ముందు. పడదు, పడదు, నేను పట్టుకున్నాను. వెనకనుంచి ఇలా చంకల కింద పట్టుకోవాలి. పిలవకండి, వినపడదు. కళ్ళు చూడండి, మనల్ని దాటి గోడని చూస్తోంది. ఆ పెదాలు, చప్పరించడం చూశారా? చేతిలో సబ్బు లాగకండి. దానంతట అదే వదులుతుంది. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ఇంకాసేపే. ఇంకాసేపే తల్లీ. నలభై. నలభై ఒకటి...

వదిలింది.

ఏం లేదు బంగారం. నేనే, నాయనమ్మని. సిస్టరు ఆంటీ వచ్చింది చూడు నీకోసం. పాట ఎక్కడిదాకా వచ్చింది? ఏ పాటో గుర్తు లేదా? పర్లేదు. గుర్తు లేకపోతే పాటదే తప్పు. తువ్వాలు కప్పుకో. రా, పడుకుందువు గాని, ఇలా ఓ పక్కకి తిరిగి.

పడుకుంది. పావుగంట పడుకుని లేచి ఆకలంటుంది.

నా లెక్కలో నలభై ఎనిమిది. మీ గడియారంలో? యాభై ఐదా. ముసలిదాన్ని, నెమ్మదిగా లెక్కపెడతాను.

అవును. తెలుసు. పాట ఎందుకు పెట్టాననుకున్నారు?

మాత్రలు నిండుగా ఉన్నప్పుడు మూడో నాలుగో లెక్కపెట్టేలోపే తేరుకునేది. వారానికి ఒకటో, రెండో. అంతే. మీరు మాత్ర తగ్గించిన ప్రతిసారీ నా లెక్క పెరిగింది. పది. ఇరవై. గురువారం నిలువునా పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. రెండు నిమిషాలు. ఇంట్లో నేనొక్కదాన్నే. పక్కకి తిప్పాను, నోట్లో ఏమీ పెట్టలేదు, టైము చూశాను, అంతా మీరు నేర్పినట్టే చేశాను. నెత్తురు తుడిచి, పిల్లని పడుకోబెట్టి, ఇదిగో, ఇప్పుడు మీరు కూర్చున్న చోటే కూర్చుని సున్నా రాశాను.

గుండ్రంగా వచ్చింది కూడా. చూడండి.

ఎందుకంటే ఏం చెప్పను? మొదట్లో నిజంగానే సున్నా అనుకున్నాను. పెదాలు చప్పరించడం ఫిట్సేమిటి, కోడలి చాదస్తం అనుకున్నాను. అది పధ్నాలుగు రాసేది, నేను సున్నా రాశాను, మీరందరూ నన్ను మెచ్చుకున్నారు. రెండో నెలలో ఒకటి నా కళ్ళతో నేను చూశాను. పట్టపగలు, ఇదే గదిలో. చెయ్యి పట్టుకుని ఊపినా పిల్ల లోపల లేదు. పుస్తకం తీశాను. ఒకటి అని రాస్తే కోడలు చెప్పిందే నిజమైపోదూ? రేపు రాద్దాంలే అనుకున్నాను. రేపు రాస్తే, మరి నిన్నటి మాటేమిటని మీరు అడుగుతారు. అలా, నిన్నటి సున్నాకి కాపలాగా ఇవాళ ఇంకో సున్నా.

పైగా ఈ మెట్ల మీద నేను లేనప్పుడు నా గురించి ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదా? మాట్లాడడం వాళ్ళకి నేర్పిందే నేను.

తల నిండా వైర్లు అంటించి ఆ పరీక్ష చేసిన రోజు మీరే పట్టేస్తారనుకున్నాను. నిజం చెప్పొద్దూ, పట్టుకుంటే బాగుండుననే అనుకున్నాను. ఆ రోజు దాని బుర్ర మహా బుద్ధిగా ఉంది. ఒక్కటీ రాలేదు. కాగితం నిండా చక్కటి గీతలు.

ఆసుపత్రిలో బల్ల చుట్టూ మీరు ఐదుగురూ కూర్చున్నప్పుడు మధ్యలో పెట్టేది ఈ పుస్తకమేగా? ఇది చూసే పెద్ద డాక్టరు గారు మాత్ర తగ్గించారు. ఇది చూసే ఫైళ్ళమ్మ బడికి ఉత్తరం రాసి, పిల్ల పక్కన కూర్చునే ఆయాని మాన్పించింది. ఇది చూసే టీచరమ్మ ఈతకి పేరు రాసింది. అంత చదువుకున్న ఐదుగురు మనుషులు, నా సున్నా మీద నిలబడ్డారు. నాకే భయమేసింది. భయమేసి ఇంకో సున్నా రాశాను.

ఉండండి, ఫోను అప్పుడే చేయకండి. ఒక్క నిమిషం. డాక్టరు గారు ఎక్కడికీ పోరు, కంప్యూటరు దగ్గరే ఉంటారు. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

కోడలు.

సాయంత్రాలు ఇంటికొచ్చాక అదీ చూసేది కదా, మీకు చెప్పేది కదా, మళ్ళీ వస్తున్నాయని. మీరు నా పుస్తకం చూశారు, దాని మొహం చూశారు. తల్లికి భయం ఎక్కువైంది, లేనివి కనబడుతున్నాయి అని తేల్చి మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఎనిమిది నెలలుగా వెళ్తోంది, ప్రతి మంగళవారం. చూసింది నమ్మకుండా ఉండడం నేర్చుకుంటోంది. తెలివైన పిల్ల, తొందరగానే నేర్చుకుంది.

మొన్న ఆదివారం భోజనం దగ్గర మనవరాలు ఆగిపోయింది. చెంచా గాలిలోనే ఉంది. అటు కోడలు, ఇటు నేను, మధ్యలో పిల్ల. నేను చూశాను. అదీ చూసింది. మేమిద్దరం చూశామని ఇద్దరికీ తెలుసండీ! అది నా వైపు తిరిగి, చిన్నగా, బళ్ళో తప్పు లెక్క చూపించే పిల్లలా, 'అత్తయ్యా, ఇప్పుడేమైనా అయిందా?' అని అడిగింది.

'ఏమీ కాలేదమ్మా, నీకలా అనిపించిందంతే' అన్నాను.

'సారీ అత్తయ్యా' అంది. అని, పిల్ల మూతి తుడిచింది.

ఈ వీధిలో ఎవరి గురించి ఏం కల్పించలేదు నేను? కింది వాటా ఆయనకి లేని రెండో సంసారం కూడా పెట్టాను. కానీ ఇంత చిన్న అబద్ధం, ఇంత మెత్తగా, ఎప్పుడూ ఆడలేదు.

ఇక చేయండి ఫోను. పాత మాత్రలు పారేయలేదు, అలమారలో పై అరలో ఉన్నాయి. ఈ రాత్రి ఎన్ని వేయాలో ఆయన్నే అడగండి, నన్ను మాత్రం అడగకండి. ఆ ఈత కాగితం చింపేయండి. గురువారం గడిలో మీరే రాయండి. రెండు నిమిషాలు. నెత్తురు సంగతి కూడా రాయండి.

ఆరింటికి వస్తుంది కోడలు. అప్పటిదాకా ఉంటారా? మీరే చెప్పాలి దానికి.

నేనా? నేను చెప్తే నమ్మదండీ. 'లేదత్తయ్యా, ఏమీ కాలేదు, మీకలా అనిపించిందంతే' అంటుంది. పైగా పక్కన కూర్చుని నన్ను ఓదారుస్తుంది.