వెనక తలుపు చప్పుడు

అదేంటమ్మా కీర్తనా, అంత మాటన్నావు? ఒక మనిషి చెప్పిన మాట పదిమందికీ చూపించే ముందు ఆ మనిషికే చదివి వినిపించి, "మీరన్నది ఇదేనాండీ" అని అడగడం తప్పా? అడక్కుండా వేస్తే కదా తప్పు!

కూర్చో ముందు. మీ నాన్న కోపంగా పంపాడని నిలబడే దులిపేసి వెళ్ళాలా ఏంటి? ఆ కుర్చీలో పేపర్లు కింద పెట్టెయ్. ఫరవాలేదు, పాతవే. నేనూ పాతవాణ్ణే. ఎక్కడ పెడితే అక్కడ పడుంటాం.

నవ్వావా? లేదా. సరే.

అసలు నేనొచ్చి అడిగానా మిమ్మల్ని? పేపరాఫీసులో రిటైరై, బ్యాంకు కాగితం మీద సంతకం తప్ప ఇంకేమీ రాయక కూర్చున్నవాణ్ణి. మీ నాన్న తిరుపతిరావే వచ్చాడు. "ఆటోనగర్లో ఇన్నేళ్ళ నుంచి లారీలకి బాడీలు కడుతున్నాం, షెడ్డుకో వెబ్‌సైటు పెడుతున్నాం, చదివినవాడు నమ్మేలా నాలుగు మాటలు రాసిపెట్టండి వెంకటసుబ్బారావు గారూ" అన్నాడు. అప్పటికే మీరు రాయించిపెట్టుకున్నది చూపించాడు. తరతరాల నమ్మకం. నాణ్యతలో రాజీ లేదు. మీ సంతృప్తే మా లక్ష్యం.

నేనేమన్నాను? "పక్క షెడ్డువాడు 'మేం కొంచెం రాజీ పడతామండీ' అని రాసుకున్నాడా?" అన్నాను. మీ నాన్న పడీపడీ నవ్వాడు. వెంట వచ్చిన నువ్వు నవ్వలేదు. అది నువ్వు కంప్యూటర్‌తో రాయించావని నాకు తర్వాత తెలిసింది. పోనీలే.

అన్నీ కొట్టేశాను. పేపరు డెస్కులో వార్తలు దిద్దేవాడిగా నా పనే అది కదా. మీ దగ్గర బాడీ కట్టించుకున్నవాళ్ళ నంబర్లిమ్మన్నాను. మనిషి పేరుండాలి, ఊరుండాలి, ఆయన నోటి మాటుండాలి. అప్పుడు కదా ఎవరైనా నమ్మేది!

అట్లా దొరికాడు కృపానందం గారు. ఉయ్యూరు మనిషి. సొంత లారీ, తనే తోలుకుంటాడు. సీజన్లో ఫ్యాక్టరీకి చెరుకు వేస్తాడు. "బాడీ ఎట్లా ఉందండీ?" అంటే "బాగుందండీ" అన్నాడు. బాగుంది అని అందరూ అంటారు. బాగుండడమంటే ఏంటని గుచ్చిగుచ్చి అడిగితే, కాసేపు ఆలోచించి, "చెరుకు దించేసి ఖాళీగా గతుకుల్లో వస్తున్నా వెనక తలుపు చప్పుడు చెయ్యదండీ" అన్నాడు.

విన్నావా ఆ వాక్యం! ఖాళీ లారీ గుంటలో పడితే వెనక తలుపు ఊరంతా లేచేలా మోగుతుంది. లారీ ఉన్న ప్రతివాడూ ఆ మోత పడినవాడే. అది రావడం లేదని ఒక మనిషి పేరు పెట్టుకుని చెబుతున్నాడు. ఇంకేం కావాలి నీ వెబ్‌సైటుకి? నువ్వు కూడా అక్కడ ఆగి మళ్ళీ చదివావు, నేను చూశాను.

అక్కడితో వేసేస్తే అయిపోయేది. అదేగా నువ్వంటున్నది?

అయిపోయేది. కాదనను.

కానీ సరిచూసుకోవాలి కదమ్మా. మర్నాడు ఫోన్ చేశాను. "గతుకుల్లో అంటే ఏ రోడ్డండీ?" అని. చెప్పాడు. ఆ మర్నాడు, "చప్పుడు రాదన్నది ఖాళీ లారీకా, లోడుకా?" అని. అదీ చెప్పాడు. విసుక్కోలేదు సుమా! ఫ్యాక్టరీ బయట చెరుకు లారీల వరస నీకు తెలియందేముంది? పొద్దున వెళ్ళిన బండి పొద్దు వాలినా లోపలికి వెళ్ళదు. ఆయన క్యాబిన్లో, నేనీ కుర్చీలో. ఆయనకీ పొద్దుపోదు, నాకూ పొద్దుపోదు.

తర్వాత అడగడానికేం మిగల్లేదు. ఒక్క వాక్యంలో ఎన్ని ప్రశ్నలుంటాయి, నువ్వే చెప్పు? అందుకని, "ఇప్పటికీ చప్పుడు రావడం లేదుగా?" అని అడిగాను.

ఆ, అదే. మీ నాన్న కోపం దాని మీదే కదా.

మర్నాడూ అదే అడిగాను. ఆ పై రోజూ అదే. నా ఉద్దేశం పలకరింపే తల్లీ. "ఏం కూర?" అని అడగమూ? అట్లాంటిదే.

ఆయన వినడం మొదలుపెట్టాడు. అదీ జరిగింది. అంతకుముందు పాటలు పెట్టుకుని తోలేవాడట, పాటలు కట్టేశాడు. చెవి వెనక్కి పెట్టుకుని తోలాడు. విందామని కూర్చుంటే ఏ లారీ మోగదమ్మా? ఓ రోజు, "ఏదో కటకటమన్నట్టుందండీ" అన్నాడు. నేను, "ఎప్పుడు? ఎక్కడ? ఎన్నిసార్లు?" అని మొదలుపెట్టాను! బుద్ధుండాలి నాకు. వార్త దొరికినట్టు కలం కూడా తీశాను.

ఇక ఆయనేమనుకుంటాడు? షెడ్డువాళ్ళకి ఏదో లోపం తెలుసు, పైకి చెప్పలేక ఈ పెద్దాయన చేత ఆరా తీయిస్తున్నారు, అనుకున్నాడు. నేనైనా అదే అనుకుంటాను. ఆ వార్త నా డెస్కుకొస్తే నేను పెట్టే శీర్షిక కూడా అదే.

ఇప్పుడేమో రెండో లారీకి ఛాసీ కొని, బాడీ కట్టించుకోడానికి మీ గేటు ముందు నుంచే తోలుకుంటూ కంకిపాడు షెడ్డుకి పోయాడంటున్నావు. రేపు పొద్దున అక్కడ పని మొదలంటున్నావు. మీకు ఉన్నవాళ్ళలో నికార్సైన గిరాకీ! నమ్మకం కలిగించమని నాకు పని అప్పజెబితే, ఉన్న ఒక్క నమ్మకాన్నీ నేను ఊడగొట్టాను. అంతేగా?

కాఫీ కలపనా? వద్దా. పాలు మంచివే.

ఒక మాట అడుగుతావేమోనని చూస్తున్నాను, అడగడం లేదు నువ్వు. మీ నాన్న అయితే అడిగేవాడు. "అన్నిసార్లు ఎందుకు చేశారు మరి?" అని.

డెస్కులో సాయంత్రమయ్యేసరికి ఫోన్లు మోగేవమ్మా. ఉయ్యూరు విలేకరి, గన్నవరం విలేకరి, అవనిగడ్డ నుంచి ఇంకొకాయన. వాళ్ళ మొహాలు నేనెప్పుడూ సరిగ్గా చూసి ఎరగను. గొంతులే. "కాలవకి నీళ్ళొదిలారండీ, రాసుకోండి." "బస్సు బోల్తా, రాసుకోండి." మధ్యలో వాళ్ళ అల్లుళ్ళ గొడవలు, మోకాళ్ళ నొప్పులు. పగలంతా నిద్రపోయేవాణ్ణి కనక ఈ వీధిలో నన్నెవరూ ఎరగరు. నాకున్న చుట్టరికమంతా ఆ తీగ చివరే ఉండేది. రిటైరయ్యాక ఫోన్ మోగితే లోన్ కావాలా అనే అమ్మాయే. ఆ అమ్మాయిని కూడా కాసేపు మాట్లాడించబోయాను. పెట్టేసింది.

కృపానందం గారు పెట్టెయ్యలేదు. "వందనాలండీ, భోంచేశారా?" అనేవాడు ముందుగా. చివర్లో, "అమ్మగారు బాగున్నారా అండీ?" అనేవాడు.

అమ్మగారంటే మా ఆవిడ. జ్యోతిర్మయి. నువ్వు చూడలేదులే. నువ్వు స్కూల్లో ఉండగానే పోయింది.

బాగుంది అన్నాను.

మొదటిసారి నోరు జారి అన్నాను. పోయిందంటే ఆయన అయ్యో అంటాడు, తర్వాత ఇద్దరం ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ పెట్టేస్తామని భయమేసింది. రెండోసారి ఆయన ఇంటి దగ్గర ఉండగా చేస్తే, ఆయన భార్య మార్త గారు పక్కనుంచి, "అమ్మగారిని అడిగానని చెప్పండి" అంది. చెబుతానన్నాను. మర్నాడు, "చెప్పాను, మిమ్మల్ని కూడా అడగమంది" అన్నాను. అట్లా పెరిగింది. మోకాళ్ళు నొప్పంటోందన్నాను. ఆయుర్వేదం నూనె ఏదో రాయమంది మార్త గారు. ఇప్పుడు కాస్త నయమన్నాను.

అట్లా చూడకు. ఊరూ పేరూ సరిచూడందే ఒక్క వాక్యం పోనివ్వనివాణ్ణే నేను. ఆయన వాక్యాన్ని అన్నిసార్లు సరిచూశాను. ఆ ఫోన్‌లోనే, చివర్లో, ఈ వార్త చెబుతూ వచ్చాను. దానికి సరిచూసేవాడెవడూ లేడుగా.

ఏంటీ? నేనే ఫోన్ చేసి చెప్పాలా? వద్దమ్మా. ఆ గొంతు వింటే మళ్ళీ భోజనాల దగ్గర మొదలుపెడతాను. రాసి పంపిద్దాం. ఇదిగో నా ఫోన్. నువ్వు కొట్టు. డెస్కులో కీబోర్డు మీద కళ్ళు మూసుకుని కొట్టినవాణ్ణి, దీని మీద నా వేలు పక్క అక్షరం మీద పడుతుంది.

రాయి. కృపానందం గారికి. మీ లారీ వెనక తలుపుకి ఏ లోపమూ లేదు.

తర్వాత? "వివరాల నిర్ధారణ నిమిత్తం సంప్రదించాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని పెట్టావా? తీసెయ్. ఎవరు నమ్ముతారమ్మా దాన్ని? నేనే నమ్మను. చింతించేవాడు చింతిస్తున్నాం అని రాయడు.

ఇట్లా రాయి. నేను అన్నిసార్లు అడిగింది అనుమానంతో కాదు. మాట్లాడడానికి మా ఇంట్లో ఎవరూ లేరు, అందుకు చేశాను. తిరుపతిరావు గారికి ఈ సంగతి తెలియదు. మా ఆవిడ బాగుందని మీకు చెప్పింది అబద్ధం. ఆవిడ చాలాకాలం కిందటే చనిపోయింది. మార్త గారికి కూడా చెప్పండి.

లేదు, ఆ వాక్యం ఉండాలి. నీ షెడ్డుకి అవసరం లేదు, నిజమే. కానీ అది లేకపోతే పై వాక్యాన్ని ఆయన ఎందుకు నమ్ముతాడు? పరువు పోయేది ఒక్కటైనా ఉంటేనే మిగతాది నిజమనిపిస్తుంది. "దుర్భరమైన ఒంటరితనం" ఎక్కడిది? నేననలేదే! నువ్వు కలిపావా? కొట్టెయ్. విశేషణాలు వద్దు.

చదువు ఒకసారి. ఊఁ. ఊఁ. బాగుంది. ఇన్నాళ్ళకి ఒక్కటి సరిగ్గా కుదిరింది, దాన్నేమో వెబ్‌సైటులో పెట్టుకోడానికి లేదు.

పంపించు. పంపించమ్మా, ఏడుస్తావేంటి మధ్యలో? మీ నాన్నకి గిరాకీ తిరిగొస్తుంది. రేపు పొద్దున ఆ ఛాసీ మీ గేటు ముందుంటుంది, చూడు.

వెళ్ళిందా? చదివాడా? నీలం టిక్కులు పడ్డాయా, అప్పుడేనా!

ఏమైనా రాస్తున్నాడా?

రాయడులే. బండి తోలుతూ ఉండుంటాడు. తోలుతున్నప్పుడు రాయకూడదు కూడా.

తోలుతున్నవాడు చదివాడెట్లా అంటావా?

అదీ నిజమే.