తిమింగలాన్ని తుమ్మించిన బెరడు

ఓడ మావయ్య నోరు తెరిస్తే టీ కొట్టు అక్క పాలు పొంగిపోతున్నా చూసుకోదు. ఓడ వంటగదిలో పనిచేసి వచ్చాక చాన్నాళ్లుగా ఇంట్లోనే కూర్చున్నాడు, గరిటె పట్టక చేతులు ఊరుకోవడం లేదు. ఎదురుగా కొత్త హోటల్ పెడుతున్న ఆసామి ఆవేళ బెంచీ మీద కూర్చుని, మంచి వంటమాస్టర్ కావాలని అడుగుతున్నాడు. ఇంకేం, మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద గొప్పేం కాదులెండి. మా కెప్టెన్‌కి నోరు చచ్చిపోయింది. ఏం పెట్టినా గడ్డిలా ఉందంటాడు. సూపులో చిటికెడు కుంకుమపువ్వు, ఎడారి వాళ్లు ఎండబెట్టుకునే నల్ల నిమ్మకాయ ఒకటి, పొగ పట్టించిన మిరపకాయ ఒకటి వేశాను. తాగి గిన్నె నాకేశాడు. తోమే పనే లేకపోయింది."

"ఇంతవరకు బాగానే ఉంది," అన్నాడు పక్క కొట్టు వడ్రంగి, టీ ఊదుకుంటూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాసన కిటికీలోంచి సముద్రం మీద పడింది. ముందు పక్షులొచ్చాయి, డెక్కు మీద కాలు పెట్టే చోటు లేదు. తర్వాత చేపలు. వల లేదు, గాలం లేదు, వాటంతటవే ఎగిరి మూకుట్లో పడి, ఒక పక్క వేగాక రెండో పక్కకి తిరిగేవి."

"అవే తిరిగేవా?" అంది అక్క.

"నాకున్నవి రెండు చేతులే కదమ్మా. పాపం, సాయం చేశాయి."

మావయ్య ఓరకంట ఆసామిని చూశాడు. ఆయన గ్లాసు పక్కన పెట్టి మరీ వింటున్నాడు. పని దొరికినట్టేననుకుని మావయ్య ఛాతీ ఉబ్బించాడు.

"అప్పుడొచ్చిందండీ తిమింగలం. నాకూ ఓ గరిటె పొయ్యమన్నట్టు నోరు తెరుచుకుని ఓడకి అడ్డంగా నిలబడింది. చూస్తే సూపు అయిపోయింది. కెప్టెన్ గజగజా వణుకుతున్నాడు. నేను కంగారు పడతానా? నా దగ్గరో బెరడుంది. ప్రపంచం మొత్తానికి ఒకటే చెట్టు, దాన్ని వలిచేది కోతులు. వాటితో బేరమాడి తెచ్చుకున్నాను. గోరంత ముక్క నలిపి దాని ముక్కులోకి ఊదాను. తుమ్మిందండీ. ఆ తుమ్ముకి నెల రోజుల దూరం ఒక్క ఊపులో పోయి ఓడ రేవులో పడింది. ఇంధనం మిగిలిందని ఓడ యజమాని నా మెడలో దండ వేశాడు."

"ఆ బెరడు ఇంకా ఉందా?" అన్నాడు ఆసామి.

ఈ మాట కోసమే మావయ్య కాచుకుని ఉన్నాడు. జేబులోంచి రుమాలు తీసి, మడత విప్పి, చుట్ట తిరిగిన పల్చటి ముక్క అందించాడు. ఆసామి వాసన చూశాడు.

"ఏమీ రావట్లేదే."

"మామూలు ముక్కులకి రాదండీ."

వడ్రంగి అందుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. "మావయ్యా, మొన్న మేకు తగిలి నా చిత్రిక బ్లేడు అంచు విరిగింది. అప్పట్నుంచి ఏ చెక్క చిత్రిక పట్టినా పొర మధ్యలో ఇదిగో, ఇలాగే చీలుతోంది. నిన్న పొయ్యి రాజేసుకుంటానని నా కొట్లోంచి గుప్పెడు పొరలు ఏరుకెళ్లావు. అంటే నువ్వు బేరమాడిన కోతిని నేనేనన్నమాట."

అక్క పగలబడి నవ్వింది, పాలు పొంగిపోయాయి. మావయ్య వడ్రంగి చేతిలోంచి ముక్క లాక్కున్నాడు. పని పోయినట్టే. ఆసామి లేచి చెప్పులు వేసుకున్నాడు.

"రేపు పొద్దున్నే వచ్చేయండి."

"గరిటె నాదేనా?" అన్నాడు మావయ్య, నమ్మలేక.

"గరిటె ముట్టుకోవద్దు. గుమ్మంలో నిలబడి, లోపల ఏం వండుతున్నామో దారిన పోయేవాళ్లకి చెప్పండి, చాలు."

మావయ్య చెక్కపొరని జాగ్రత్తగా రుమాల్లో మడిచి జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకుంటూ వడ్రంగి వైపు తిరిగాడు.

"గుమ్మంలో నిలబడడం నాకెవరు నేర్పారో తెలుసా?"