తిన్నగా ఇంటికే

ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊరి శివారులో డాక్టరుగారి షెడ్డు. ఆయన ఫోన్ చేస్తే తెలిసినవాళ్ళ కుర్రాడు ఆఫీసు మధ్యలోంచి పరిగెత్తుకొచ్చాడు.

“గన్ లైసెన్స్ తెచ్చావా?”

“తెచ్చా అంకుల్. ఏంటింత అర్జెంటు?”

“నా రైఫిల్ నీ సేఫ్‌లో పెట్టుకో. దాని బోల్ట్ ఊడదీశా, అది లేకపోతే పేలదు. దాన్ని వేరే సంచిలో పెట్టు. తూటాలు విడిగా, తాళమేసి. దారిలో ఎక్కడా ఆగకు, తిన్నగా ఇంటికే.”

“అడవిపందులు తోటంతా తవ్వేస్తున్నాయన్నారుగా?”

“తవ్వుకోనీ.”

పెద్దాయన స్పానర్‌తో గోడకున్న గన్ సేఫ్‌ను విప్పసాగాడు.

“సేఫ్ కూడా ఎందుకు?”

“ఖాళీగా కనిపిస్తే మళ్ళీ కొనబుద్ధేస్తుంది. ఆ స్క్రూలకి కాస్త నూనె వెయ్యి. చెక్కలోకి లోతుగా బిగించాం, మీ ఆంటీ పట్టుకుంటే.”

ఆంటీ పోయి నెలైనా కాలేదు.

“అంకుల్, అసలేం జరిగింది?”

“పొద్దున తుడుద్దామని తీశా. తుడవడం అయిపోయినా లోపల పెట్టబుద్ధి కాలేదు. తూటా వేసి, రెండు గంటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా.”

అతను రైఫిల్‌ను డిక్కీలో పెట్టి తాళమేశాడు. కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“ఎక్కండి.”

“నేనెందుకురా?”

“దారిలో ఎక్కడా ఆగను అంకుల్. తిన్నగా ఇంటికే.”

పెద్దాయన స్పానర్ కింద పెట్టడం మరిచిపోయి, దాంతోనే ఎక్కి కూర్చున్నాడు.