తలుపు వేసి చెప్పిన ఫలితం

శాంపిల్స్ దాచే చల్లగదిలోకి విద్యార్థినిని పిలిచి, ప్రొఫెసర్ తలుపు వేశారు.

"నీ ప్రయోగం నేనే చేసి చూశానమ్మా. మూడుసార్లు."

"ఏమొచ్చింది సార్?"

"నీకొచ్చిందే. ప్రొటీన్‌ని కరిగించే మందు వేసిన గంటకల్లా అది ఆనవాలు లేకుండా పోయింది. కేన్సర్ కణాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి."

"మరి ఆ ప్రొటీన్ లేకపోతే అవి చచ్చిపోతాయని మీ పాత పేపర్లో రాసింది..."

"తప్పే. అప్పట్లో ఆ ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువునే తీసేసేవాళ్ళం. ప్రొటీన్ పూర్తిగా పోడానికి రోజులు పట్టేది. ఆలోపు కణంలో ఇంకేవేవో పాడయ్యేవి. కణాలు చస్తే, ప్రొటీన్ లేకే చచ్చాయనుకున్నాం."

"ఆ రోజు మీటింగ్‌లో నేను చెప్పబోయింది అదే సార్."

"చెప్పనిస్తేగా. పిపెట్ పట్టుకోవడం కూడా రాదన్నాను నిన్ను."

"కళ్ళజోడు మార్చుకోమని కూడా అన్నారు. అందరూ నవ్వారు."

"తలచుకుంటే తల కొట్టేసినట్టుంది. ఏమీ అనుకోకమ్మా."

"అనుకోను సార్. ఒక్కటి అడగనా?"

"అడుగు."

"తిట్టింది ఇరవై మంది ముందు కదా. ఇది చెప్పడానికి తలుపెందుకు వేశారు?"

ఆయన సీసాల వైపు తిరిగారు.

"బయట ఆ ఇరవై మందీ ఉన్నారమ్మా."