వెనిస్ చిల్లర

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలోని ఒక ఇంట్లో, సింకు దగ్గరున్న భార్య ముందు ఆయన తళతళలాడే నాణెం ఒకటి ఆడించాడు.

"చింతపండుతో తోమావా? ఇది ఏడొందల ఏళ్ళ నాటి వెనిస్ నాణెం!"

"కొనగానే దేవుడి దగ్గర పెట్టారుగా. పూజ సామానుతో పాటు తోమేశాను. బంగారమా ఏం?"

"కాదు, అక్కడి కూలివాడు రొట్టె కొనుక్కునే చిల్లర. పాతదనానికి గుర్తని ఆ నలుపు చూసే కొన్నాను! నాశనం చేశావు!"

"ఏడొందల ఏళ్ళలో ఆ ఊళ్ళో తోమే దిక్కే లేకపోయిందా?"

"వేళాకోళమా?"

"అరవకండి. మా అమ్మమ్మ చెంబు నలుపు వదలాలంటేనే అరగంట పడుతుంది. ఇది ఒక్క రుద్దుకే పోయింది. పైగా బూటు పాలిష్ వాసన."

ఆయన నాణేన్ని వాసన చూశాడు. వెళ్ళి, ఆమెను ఏనాడూ ముట్టుకోనివ్వని నాణేల డబ్బా తెచ్చి సింకు పక్కన పెట్టాడు.

"వీటినీ తోము."